దంత ఇంప్రెషన్ చిరగకుండా, సాగకుండా రావాలంటే: అల్జినేట్ నుంచి సిలికోన్ వరకు సమగ్ర మార్గదర్శి

పళ్ల అచ్చు (ఇంప్రెషన్) తీసే మెటీరియల్ "బలంగా లేదు" అన్నప్పుడు ఆ మాటలో మూడు వేర్వేరు లోపాలు కలిసిపోయి ఉంటాయి. పల్చటి చోట చిరిగిపోవడం ఒకటి. నోట్లోంచి తీసేటప్పుడు సాగి, తిరిగి మొదటి ఆకారానికి రాకపోవడం రెండోది. బయటికి వచ్చాక కుంచించుకుపోవడమో ఉబ్బడమో మూడోది. మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. బ్రాండ్ మార్చే ముందు మీ దగ్గర జరుగుతున్నది ఏదో తేల్చుకోవాలి.

వీటిలో అందరూ భయపడేది చిరుగుకి. నిజానికి ఎక్కువ నష్టం చేసేది రెండోది. మార్జిన్ (క్రౌన్, అంటే పంటి తొడుగు, ఆగే అంచు) చిరిగితే కంటికి కనిపిస్తుంది, ఇంకో ఇంప్రెషన్ తీసుకుంటాం. సాగిన ఇంప్రెషన్ మాత్రం చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది. దానిమీద స్టోన్ (నమూనా పోసే గట్టి జిప్సం) పోస్తారు, క్రౌన్ తయారవుతుంది, నోట్లో పెట్టే రోజున కూర్చోదు. అందుకే "ఎంత లాగినా చిరగదు" అన్న ఒక్క గుణం చూసి మెటీరియల్ ఎంచుకోకూడదు. పాలీసల్ఫైడ్‌నే చూడండి. ఎలాస్టోమర్లలో (సిలికోన్, పాలీఈథర్ లాంటి రబ్బరు మెటీరియల్స్‌లో) చిరుగును బాగా తట్టుకునేది అదే, కానీ సాగాక తిరిగి రావడంలో వెనకబడేదీ అదే.

అల్జినేట్: పొడి డబ్బా తెరిచినప్పటి నుంచి

అల్జినేట్ అంటే నీటితో కలిపితే జెల్‌గా గట్టిపడే ఇంప్రెషన్ పొడి. అందులో చాలా భాగం డయాటమేషియస్ ఎర్త్ అనే ఫిల్లరే. సోడియం లేదా పొటాషియం అల్జినేట్ సుమారు 12–15 శాతం, కాల్షియం సల్ఫేట్ డైహైడ్రేట్ 8–12 శాతం, ట్రైసోడియం ఫాస్ఫేట్ రెండు శాతం దాకా ఉంటాయి. నీళ్లు తగలగానే కాల్షియం ముందు ఫాస్ఫేట్‌తో చర్య జరుపుతుంది. మనకు దొరికే వర్కింగ్ టైమ్ (గట్టిపడేలోపు పనిచేసుకునే వ్యవధి) ఇదే. ఫాస్ఫేట్ అయిపోయాక కాల్షియం అల్జినేట్ గొలుసులను పట్టుకుని జెల్ కడుతుంది. ఒకసారి ఆ జెల్ కట్టడం మొదలయ్యాక కలిపినా కదిపినా పోగులు తెగుతాయి, తెగినవి మళ్లీ అతుక్కోవు. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క కారణం నుంచి వచ్చినవే.

మొదట డబ్బాను మూత బిగించి రెండు మూడు సార్లు తలకిందులు చేయండి. నిల్వలో పొడి అడుగుకు దిగి గట్టిపడుతుంది. అలాగే తీస్తే స్కూపులో ఎక్కువ పొడి పడుతుంది. తిప్పిన వెంటనే మూత తీయకండి, దుమ్ము లోపల సర్దుకోనివ్వండి. అందులో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. స్కూపును నింపాక పొడిని అదిమి కుక్కకుండా, అంచు మీద స్పాచులాతో (కలిపే బద్దతో) సాపు చేయండి. చిన్న డిజిటల్ తక్కెడ ఉంటే ఇంకా మంచిది. చాలాకాలంగా వాడుకలో ఉన్న నిష్పత్తి 15–16 గ్రాముల పొడికి 38–40 మి.లీ. నీళ్లు. కానీ ఉత్పత్తిని బట్టి ఇది బాగా మారుతుంది కాబట్టి మీ డబ్బా మీద రాసిందే లెక్క. ఆ అంకెను ఒకసారి తూచి చూసుకుని, మీ స్కూపు నిజంగా అంతే తీస్తోందో లేదో సరిచూసుకోండి.

నీళ్లు ఎక్కువైతే జెల్ వదులై చిరుగుతుంది. తక్కువైతే పొడి పూర్తిగా తడవక గింజలు గింజలుగా మిగులుతుంది, ఆ గింజ దగ్గరే చిరుగు మొదలవుతుంది. గట్టిగా ఉంటే బలంగా ఉంటుందనుకుని నీళ్లు తగ్గించేవాళ్లు ఉన్నారు. దానివల్ల బలం రాకపోగా వివరాలు కూడా పోతాయి.

గట్టిపడే సమయాన్ని మార్చాలంటే నీటి పరిమాణాన్ని ముట్టుకోకండి, ఉష్ణోగ్రతను మార్చండి. సుమారు 20–22 డిగ్రీల సెల్సియస్ నీరు సరిపోతుంది. నీరు 10 డిగ్రీలు వేడెక్కితే సెట్టింగ్ టైమ్ దాదాపు ఒక నిమిషం తగ్గుతుంది. గది వేడిగా ఉంటే నీటితో పాటు బౌల్, స్పాచులా కూడా చల్లబరచండి, ఎందుకంటే వేడెక్కిన రబ్బర్ బౌల్ చల్లని నీటి ప్రయోజనాన్ని తినేస్తుంది. నీరు బాగా కఠినంగా ఉంటే అందులోని కాల్షియం జెల్‌ను తొందరపెడుతుంది, అలాంటప్పుడు డిస్టిల్డ్ వాటర్ వాడండి. ప్లాస్టర్ కలిపే బౌల్‌లో అల్జినేట్ కలపకండి. అంచులకు అంటిన ఎండు ప్లాస్టర్ కొంచెమైనా సరే, మిశ్రమం చేతిలోనే బిగుసుకుపోతుంది.

ఇక కలపడం. బౌల్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. ఈ వరుస తప్పితే అడుగున పొడి తడవకుండా ఉండిపోతుంది. మొదటి కొన్ని సెకన్లు నెమ్మదిగా తడపండి. ఆ తర్వాత స్పాచులాను బౌల్ గోడకు అదిమి గట్టిగా రుద్దుతూ, బౌల్‌ను చేతిలో తిప్పుతూ కలపండి. గాల్లో గిలక్కొడితే బుడగలు చేరతాయి. మామూలు రకానికి 45 సెకన్ల నుంచి నిమిషం, ఫాస్ట్ సెట్‌కు (త్వరగా గట్టిపడే రకానికి) అంతకంటే తక్కువ. సరిగా కలిసిన అల్జినేట్ నున్నగా, మీగడలా ఉంటుంది, స్పాచులాను పైకెత్తితే జారిపడదు. సరిగా కలపకపోతే బలం సగానికి సగం పడిపోవచ్చు. సమయం దాటి కలిపినా అదే ఫలితం, కడుతున్న జెల్‌ను మన చేత్తో మనమే తెంపినట్టవుతుంది. వాక్యూమ్ మిక్సర్ ఉంటే బుడగలు తగ్గుతాయి, ప్రతి మిశ్రమం ఒకేలా వస్తుంది.

ట్రే, మందం: లెక్క వేసి చూడాల్సిన చోటు

ట్రేకీ (మెటీరియల్‌ను నోట్లో పట్టి ఉంచే పాత్రకీ) పంటికీ మధ్య అల్జినేట్ 3–5 మిల్లీమీటర్ల మందం ఉండాలన్నది అందరికీ తెలుసు. ఎందుకో లెక్క వేసి చూస్తే మళ్లీ ఎప్పుడూ ఇరుకైన ట్రే ఎంచుకోరు. పంటి పొట్ట కింద 0.5 మి.మీ. అండర్‌కట్ (లోపలికి నొక్కుకుపోయిన చోటు) ఉందనుకుందాం. ఇంప్రెషన్ బయటికి రావాలంటే అండర్‌కట్‌లో ఉన్న మెటీరియల్ ఆ 0.5 మి.మీ. మేర నొక్కుకుని పొట్టను దాటాలి. అక్కడ మెటీరియల్ మందం 5 మి.మీ. అయితే అది 10 శాతం నొక్కుకుంటుంది. మందం 2 మి.మీ.యే ఉంటే 25 శాతం. అదే పన్ను, అదే అండర్‌కట్, అదే డబ్బా. నొక్కుడు మాత్రం రెండున్నర రెట్లు. నొక్కుడు పెరిగేకొద్దీ తిరిగి రాకుండా మిగిలిపోయే వంపు కూడా పెరుగుతుంది.

కాబట్టి ట్రేను ముందు ఖాళీగా నోట్లో పెట్టి చూడండి. పక్కలకు కదిపితే అన్ని వైపులా కాస్త చోటు కనపడాలి, వెనక చివరి పన్ను పూర్తిగా లోపల ఉండాలి. వెనకవైపు పొట్టిగా ఉంటే యుటిలిటీ వాక్స్‌తో (మెత్తటి మైనంతో) పెంచండి. ట్రే ఆసరా లేకుండా వేలాడే అల్జినేట్ దాని బరువుకే వంగిపోతుంది. చిల్లుల ట్రే అయినా సరే అల్జినేట్ అడ్హెసివ్ (జిగురు) పూయడం మంచిది. ఇంప్రెషన్ ట్రే నుంచి ఒక్కచోట ఊడినా, అది చిరిగినదాని కంటే ప్రమాదం. చాలాసార్లు ఊడినది మళ్లీ దాని చోట కూర్చుని ఏమీ కానట్టు కనిపిస్తుంది. ట్రే అంచు దగ్గర వేలితో మెల్లగా నొక్కి, సందు ఉందేమో ప్రతిసారీ చూడండి.

అప్పుడే పాలిష్ చేసిన పళ్లకు, గాలితో పూర్తిగా ఆరబెట్టిన పళ్లకు అల్జినేట్ అంటుకుపోతుంది, తీసేటప్పుడు ముక్కలుగా ఊడుతుంది. ఉమ్ము, రక్తం కడిగేయండి, పంటి మీద పల్చటి తడి ఉండనివ్వండి. నమలే ఉపరితలాల గుంటల్లో కొంచెం అల్జినేట్ వేలితో రుద్ది, ఆ తర్వాత ట్రే పెట్టండి.

ట్రే కూర్చున్నాక కదపకండి. నోటి వేడి వల్ల అల్జినేట్ పళ్లను తాకే వైపు నుంచే ముందు గట్టిపడుతుంది. బయటి వైపు ఇంకా మెత్తగా ఉంది కదా అని ట్రేను ఇంకాస్త నొక్కితే, లోపల అప్పటికే కట్టిన జెల్‌లో ఒత్తిడి బిగుసుకుంటుంది. ట్రే తీయగానే ఆ ఒత్తిడి విడిపోయి ఆకారం మారుతుంది. కాబట్టి చివరిదాకా ట్రేను చేత్తో పట్టుకునే ఉండండి, పేషెంట్ చేతికి ఇవ్వకండి.

జిగట పోయిందంటే గట్టిపడిందని అర్థమే కానీ బలం వచ్చిందని కాదు. జెల్ కట్టిన తర్వాతి నాలుగు నిమిషాల్లో బలం దాదాపు రెట్టింపు అవుతుంది, తిరిగి ఆకారానికి వచ్చే గుణం కూడా మెరుగుపడుతుంది. కాబట్టి జిగట పోయాక గడియారం చూసి రెండు మూడు నిమిషాలు ఆగండి. రోగికి వికారం వస్తోందని ఈ రెండు నిమిషాలు కోసేయడం దగ్గరే ఎక్కువ ఇంప్రెషన్లు చెడతాయి. వికారం సమస్య ఉన్నవాళ్లకు ఫాస్ట్ సెట్ రకం తీసుకోండి, ఆగే సమయాన్ని మాత్రం తగ్గించకండి. అలాగని ఆరేడు నిమిషాలు అదనంగా ఉంచినా కొన్ని అల్జినేట్లు వంకర పోతాయి.

తీసే తీరు

తీసే వేగం కూడా బలాన్ని నిర్ణయిస్తుంది. ఈ పదార్థాలన్నీ విస్కోఎలాస్టిక్. నెమ్మదిగా లాగితే పారే ద్రవంలా ప్రవర్తించి సాగిపోతాయి, చటుక్కున లాగితే స్ప్రింగులా తిరిగి వస్తాయి. వేగంగా లాగినప్పుడు చిరుగును తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. కాబట్టి ముందు పెదవిని, బుగ్గను పక్కకు లాగి అంచు దగ్గర గాలి లోపలికి వెళ్లనివ్వండి, సీల్ విడిపోతుంది. తర్వాత పళ్ల నిలువు దిశలో ఒకే కుదుపుతో తీయండి. ఎదుటి దవడ పళ్లకు ట్రే తగలకుండా రెండో చేతి వేలు అడ్డం పెట్టండి. పక్కలకు ఊపుతూ, మెలితిప్పుతూ తీయకండి. అల్జినేట్‌కు అదే శాపం.

సిలికోన్లు: పదార్థం మంచిదే, దాన్ని చెడగొట్టేవి వేరే ఉన్నాయి

అడిషన్ సిలికోన్ అనే రకం 24 గంటల్లో 0.15 శాతం దగ్గర మాత్రమే కుంచించుకుంటుంది, సాగినా దాదాపు పూర్తిగా వెనక్కి వస్తుంది. ఇంత మంచి పదార్థం విఫలమైతే మొదట అనుమానించాల్సింది గ్లోవ్స్‌ని. ఇది గట్టిపడటానికి ప్లాటినం ఉత్ప్రేరకం కావాలి, లేటెక్స్ గ్లోవ్స్‌లోని గంధకం ఆ ప్లాటినాన్ని పనిచేయనివ్వదు. పుట్టీని (పిండిలా చేత్తో పిసికే చిక్కటి సిలికోన్‌ను) లేటెక్స్ చేతులతో కలిపితేనే కాదు, ఆ చేత్తో ప్రిపరేషన్‌ను (క్రౌన్ కోసం అరగదీసిన పన్నును), చిగురును తాకినా చాలు. ఇంప్రెషన్ అంతా బాగానే ఉండి సరిగ్గా మార్జిన్ దగ్గర జిడ్డుగా, మెత్తగా ఉండిపోతే కారణం ఇదే కావచ్చు. పని మొదటి నుంచీ వినైల్ గ్లోవ్స్ వేసుకోండి. రబ్బర్ డ్యామ్ (పళ్లను వేరుచేసే రబ్బరు షీటు) వాడి ఉంటే పళ్లను బాగా కడగండి. రిట్రాక్షన్‌కు (చిగురును పంటి నుంచి పక్కకు తెరవడానికి) వాడిన ఫెర్రిక్ సల్ఫేట్, అల్యూమినియం సల్ఫేట్ మిగిలినా, కొత్తగా కట్టిన కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) మీది జిగట పొర మిగిలినా ఇదే గొడవ. మొదటిదాన్ని నీటితో ధారాళంగా కడగాలి, రెండోదాన్ని ఆల్కహాల్ దూదితో తుడవాలి.

కార్ట్రిడ్జ్ వాడేటప్పుడు మిక్సింగ్ టిప్ పెట్టకముందే కొంచెం పిండి, రెండు రంధ్రాల నుంచీ సమానంగా వస్తోందో లేదో చూడండి. ఒకవైపు గడ్డకట్టి ఉంటే మొదటి కొన్ని మిల్లీమీటర్ల మిశ్రమం నిష్పత్తి తప్పి వస్తుంది, అది నేరుగా మార్జిన్ మీదికే పోతుంది. సిరంజి కొన మెటీరియల్‌లో మునిగే ఉండాలి. పైకి తీసి మళ్లీ పెడితే మధ్యలో గాలి చిక్కుతుంది.

పుట్టీ బేస్‌కు, క్యాటలిస్ట్‌కు వేర్వేరు స్కూపులు ఉంచండి, మూతలు ఎప్పుడూ తారుమారు కానివ్వకండి. అరచేతితో కాక వేళ్ల కొసలతో, చారలు పోయేదాకా సుమారు అర నిమిషం పిసకండి. అరచేతి వేడి వర్కింగ్ టైమ్‌ను తినేస్తుంది. గది వేడిగా ఉన్నప్పుడు డబ్బాలను ముందే కాస్త చల్లబరిస్తే సమయం దొరుకుతుంది.

పుట్టీ–వాష్ (ముందు పుట్టీ, దానిలో లైట్ బాడీ అనే పల్చటి సిలికోన్) రెండు అంచెల్లో చేస్తే వాష్‌కు 1–2 మి.మీ. ఖాళీ తప్పనిసరి. ప్రిపరేషన్‌కు ముందే స్పేసర్ పెట్టి పుట్టీ తీసుకోవచ్చు, లేదా గట్టిపడిన పుట్టీని లోపల కోసి కాలువలు చేయవచ్చు. ఖాళీ లేకపోతే లైట్ బాడీ పోవడానికి దారి లేక గట్టి పుట్టీని బయటికి తోస్తుంది. ట్రే తీయగానే పుట్టీ వెనక్కి ముడుచుకుంటుంది, డై (ఆ పంటి స్టోన్ నమూనా) చిన్నదై క్రౌన్ బిగుతుగా వస్తుంది. చూపుకు ఆ ఇంప్రెషన్‌లో ఏ లోపమూ ఉండదు.

కస్టమ్ ట్రే (ఆ రోగి నోటికే చేసిన ట్రే) అయితే మెటీరియల్ మందం 2–4 మి.మీ., అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. సెల్ఫ్ క్యూర్ యాక్రిలిక్‌తో (తనంతట గట్టిపడే ప్లాస్టిక్‌తో) చేసిన ట్రేను ఒక రోజు ముందే తయారు చేసి పెట్టుకోండి, మొదటి గంటల్లో అది ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది. అడ్హెసివ్‌ను పల్చటి పొరగా, అంచు దాటి బయటి వైపుకు కొన్ని మిల్లీమీటర్లు పూయండి. కంపెనీ చెప్పిన సమయం ఆరనివ్వండి, సాధారణంగా 5–15 నిమిషాలు. తడి అడ్హెసివ్ మీద మెటీరియల్ అతుక్కోదు, జారుతుంది. ఏ రకం మెటీరియల్‌కు దాని అడ్హెసివే వాడాలి.

పాలీఈథర్‌కు ఒక్క మాట. అది గట్టిగా ఉంటుంది, పెద్ద అండర్‌కట్లలో ఇరుక్కుంటుంది. పాంటిక్‌ల (బ్రిడ్జ్‌లోని కృత్రిమ పళ్ల) కింద, చిగురు దిగిన పళ్ల మధ్య సందుల్లో వాక్స్‌తో మూయకుండా పెడితే తీయడం కష్టమవుతుంది, పల్చటి స్టోన్ డై కూడా విరగొచ్చు. నీటిని పీల్చుకుంటుంది కాబట్టి డిస్‌ఇన్ఫెక్టెంట్‌లో ఎక్కువసేపు నానబెట్టకూడదు, పొడి చోట నిల్వ చేయాలి.

మార్జిన్ చిరుగు అసలు చిగురు దగ్గర పుడుతుంది

లైట్ బాడీ సల్కస్‌లోకి (చిగురుకీ పంటికీ మధ్య సన్నని గాడిలోకి) వెళ్లి మార్జిన్ దగ్గర రెక్కలాంటి పల్చటి పొరగా గట్టిపడుతుంది. ఆ పొర మందం చిగురును మనం ఎంత తెరిచామన్న దాని మీదే ఆధారపడుతుంది. మార్జిన్ దగ్గర సల్కస్ కనీసం 0.2 మి.మీ. వెడల్పు ఉండాలి. అంతకంటే సన్నమైతే ఎంత ఖరీదైన సిలికోన్ అయినా చిరుగుతుంది, చిరగకపోతే సాగుతుంది. చిరుగులు తరచూ వస్తుంటే కొత్త మెటీరియల్ కొనే ముందు రిట్రాక్షన్‌ను సరిదిద్దండి.

రెండు కార్డ్‌ల (చిగురును తెరిచే దారాల) పద్ధతి నమ్మకమైనది. మొదట 000 వంటి సన్నని కార్డ్‌ను సల్కస్ అడుగున పెట్టండి, అది ఇంప్రెషన్ అయ్యేదాకా అక్కడే ఉంటుంది, చివర్లో మరిచిపోకుండా తీసేయాలి. దానిపైన అల్యూమినియం క్లోరైడ్‌లో తడిపిన కాస్త లావు కార్డ్. పైనుంచి చూస్తే ఈ రెండో కార్డ్ చుట్టూ తెగకుండా కనిపించాలి. ఎక్కడైనా చిగురు దానిమీదికి వాలిందంటే అక్కడ చోటు చాలలేదన్నమాట. 5–10 నిమిషాలు ఉంచండి. తీసేముందు నీటితో తడపండి, పొడి కార్డ్ లేత పొరను పీకి రక్తం తెప్పిస్తుంది. ఆ తర్వాత ఆలస్యం పనికిరాదు. కార్డ్ తీసిన అర నిమిషంలోపే సల్కస్ మూసుకోవడం మొదలవుతుంది. అసిస్టెంట్ చేతిలో సిరంజి సిద్ధంగా ఉన్నాకే కార్డ్ తీయండి. రక్తం వస్తుంటే దానిమీద లైట్ బాడీ వేసి లాభం లేదు. "హైడ్రోఫిలిక్" (నీటిని ఇష్టపడేది) అని రాసి ఉన్న సిలికోన్ కూడా రక్తాన్ని, చెమ్మను పక్కకు తోసి మార్జిన్‌ను పట్టదు.

నోట్లో గట్టిపడిందో లేదో బయట మిగిలిన ముద్దను చూసి తెలుసుకోవచ్చు, ఒక షరతుతో. గదిలో నోటి కంటే చల్లగా ఉంటుంది కాబట్టి బయటిది ఆలస్యంగా గట్టిపడుతుంది. అది పూర్తిగా గట్టిపడిందంటే లోపలిది కలుషితం కాకుండా ఉంటే తప్పక గట్టిపడి ఉంటుంది. నమ్మకం లేకపోతే ట్రే అంచున మొద్దు పనిముట్టుతో నొక్కండి. గుంట మిగలకుండా వెంటనే పైకి లేవాలి.

బయటికి వచ్చాక

ట్రేను మెటీరియల్ కిందికి ఆనేలా టేబుల్ మీద పెట్టకండి, వెనక భాగం బరువుకు వంగుతుంది. పారే నీటిలో ఉమ్ము, రక్తం పోయేలా కడిగి, నీటిని విదిలించండి. అల్జినేట్ అయితే 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ స్ప్రే చేసి, ప్లాస్టిక్ సంచిలో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి, వెంటనే స్టోన్ పోయండి. ముంచినా 10 నిమిషాలు దాటకూడదు. గాలిలో ఉంచితే నీరు పోయి కుంచించుకుంటుంది, నీటిలో ఉంచితే ఉబ్బుతుంది. తడి గుడ్డ చుట్టి పెట్టడం కూడా గుడ్డ తాకిన చోట ఉబ్బిస్తుంది. ఎక్కువసేపు ఆగుతాయని ప్రత్యేకంగా చెప్పే రకాలు ఉన్నాయి, వాటికి తేమ సంచి సూచనలు పాటించాల్సిందే. కాస్ట్‌ను (గట్టిపడిన స్టోన్ నమూనాను) 45–60 నిమిషాల్లో వేరు చేయండి. రాత్రంతా వదిలేస్తే ఎండిన అల్జినేట్ కాస్ట్ ఉపరితలాన్ని సుద్దలా చేస్తుంది, సన్నటి పళ్లను విరిచేస్తుంది.

అడిషన్ సిలికోన్‌కు ఇంత తొందర లేదు, పైగా అరగంట నుంచి గంట ఆగడమే మేలు. కొన్ని రకాల నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, వెంటనే పోస్తే స్టోన్ మీద సూదిమొన గుంటలు పడతాయి. పల్లాడియం కలిపిన రకాల్లో ఈ సమస్య తక్కువ. కండెన్సేషన్ సిలికోన్ అనే ఇంకో రకం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులోంచి ఆల్కహాల్ ఆవిరైపోతూ కుంచించుకుంటూనే ఉంటుంది, అరగంటలో పోయాలి.

మెటీరియల్‌నే బలపరచడం గురించి

తయారీలో బలం పెంచే దారులు తెలిసినవే. అల్జినేట్‌లో గులురోనిక్ ఆమ్లం వాటా ఎక్కువున్న రకం గట్టి జెల్ ఇస్తుంది, మాన్యురోనిక్ ఎక్కువైతే మెత్తగా వంగుతుంది. సిలికోన్లలో ఉపరితలాన్ని శుద్ధి చేసిన సన్నని సిలికా, కొమ్మలున్న వినైల్ రెసిన్లు చిరుగును తట్టుకునే శక్తిని పెంచుతాయి, కానీ ఫిల్లర్ పెరిగేకొద్దీ చిక్కదనం, గట్టిదనం కూడా పెరుగుతాయి. ఈ తూకం తయారీదారు పని. క్లినిక్‌లో పొడిలో ప్లాస్టర్ కలపడం, సిలికోన్‌లో క్యాటలిస్ట్ ఎక్కువ వేయడం వంటివి చేయకండి. సెట్టింగ్ టైమ్ మారుతుంది, బలం మాత్రం పెరగదు.

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు బల్ల మీదే ఒక పరీక్ష చేసుకోవచ్చు. సుమారు 12–13 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో మెటీరియల్ నింపి 20 మి.మీ. ఎత్తు స్తంభం చేయండి. రోజూ నోట్లోంచి తీసే సమయానికే దాన్ని గొట్టంలోంచి తీయండి. గొట్టాన్ని 35 డిగ్రీల నీటిలో ఉంచితే నోటికి దగ్గరగా ఉంటుంది. వెర్నియర్‌తో ఎత్తు కొలిచి, 16 మి.మీ.కు నొక్కి ఐదు సెకన్లు ఉంచి వదిలేయండి. అర నిమిషం దాటాక మళ్లీ కొలవండి. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 21563 ప్రమాణం అల్జినేట్ కనీసం 95 శాతం వెనక్కి రావాలంటుంది, అంటే మీ స్తంభం 19 మి.మీ. కంటే పొట్టిగా మిగలకూడదు. ఎలాస్టోమర్లకు ఐఎస్ఓ 4823 ప్రకారం 96.5 శాతం. చేతి పరీక్ష ప్రయోగశాలతో సమానం కాదు, అయినా పాత డబ్బాకూ కొత్త డబ్బాకూ తేడా, రెండు నిమిషాలు తొందరగా తీసినదానికీ ఆగి తీసినదానికీ తేడా స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కో పరీక్షలో ఒక్క విషయమే మార్చండి. బ్యాచ్ నంబర్, నీటి ఉష్ణోగ్రత, కలిపిన సెకన్లు, తీసిన నిమిషం నోట్‌బుక్‌లో రాసి డబ్బాలు ఉంచే అల్మారాలోనే పెట్టండి.